వంద నంబరు పోగు

విజయనగరం కోట పక్క పాత పుస్తకాల బండి మీద
తూకానికి కొన్నాను ఆ బొమ్మల పుస్తకం.
తుఫాను నీళ్లు తాగి అట్ట ఉబ్బింది.
గ్రీకు దేవుళ్లు ఒకరికొకరు అతుక్కుపోయారు.
పేజీ విడదీస్తే ఒకరి భుజం
ఇంకొకరి మొహం మీదికి ఊడి వచ్చేది.

చెడకుండా మిగిలింది ముగ్గురు ఆడవాళ్లు.
ఒకామె వడుకుతుంది. ఒకామె కొలుస్తుంది. ఒకామె తెంపుతుంది.
ఆ పోగు, పుట్టిన ప్రతివాడి ఆయుష్షట.

పొందూరు పట్టుకెళ్లాను.
అక్కడి బళ్లో డ్రాయింగు మాస్టర్ని,
దాలమ్మ ఇంటి వెనక వాటాలో అద్దెకుంటాను.
ఆవిడ అప్పుడు వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వుతోంది.
చేతులు దులుపుకుని
పుస్తకాన్ని బారెడు దూరం పెట్టి చూసింది.

మొదట కుండ మీది నల్లబొమ్మ.
ఏకు ఎత్తి పట్టి, కదురుని గాల్లోకి వదిలిన మనిషి.
"ఈయమ్మకి పని తెల్సు.
సెయ్యి సూడు, బరువు నేదు దాన్లో."

తర్వాత ఎవరిదో చలువరాతి శవపేటిక.
ముక్కులు పోయాయి, వేళ్లున్నాయి,
వేళ్ల మధ్య పోగు లేదు.
రాతితో చెక్కిన పోగు ఎన్నేళ్లని నిలుస్తుంది?
ఆ ఖాళీని గోటితో తడిమి
దాలమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

ఏ రాజుగారి గోడకో నేసిన తెర మీద
పువ్వుల్లో నిలబడ్డారు ముగ్గురూ,
కాళ్ల కింద పడుచుపిల్ల శవం.
"నేత బాగుంది" అంది. శవం ఊసెత్తలేదు.

రంగుల్లో నూనె కలిసే కాలానికి
ముగ్గురికీ వయసు తగ్గింది, బట్టలు జారాయి.
"ఒక్కర్తి కన్నూ పోగు మీద నేదు.
తెగిపోదేటి?"

ఆపైన అచ్చుబొమ్మల్లో మళ్లీ ముసలివాళ్లు,
గద్దముక్కులు, మూరెడు కత్తెర.
అరుగు మీంచి వంగి చూసిన గవరమ్మ
"ఒలే సిమ్మాలమ్మా, మనల్నే ఏసినారే" అంది.
పళ్లు లేని నవ్వు, ముగ్గురిదీ.

నేను కథ చెప్పాను.
మూడో ఆమె తెంపితే ఇంక అంతేనని,
వాళ్ల దేవుళ్ల రాజు కూడా అడ్డుపడలేడని.

దాలమ్మ ఇరవైనాలుగు ఆకుల రాట్నం ముందుకు లాక్కుంది.
అరటిదొప్పలోంచి ఏకు తీసింది.
"మనకైతే నుదుట రాసీసినాడంతారు. రాసింది సెరపలేం.
ఆళ్లకి వడుకుతారన్నావు కదా బాబూ.
వడికినదైతే నయిమే."
అప్పుడే తెగింది పోగు,
కావాలనో, అనుకోకుండానో.
కొస తడిపి, తెగిన కొసకి ఆనించి
చక్రం అర చుట్టు తిప్పింది.
అతుకెక్కడో నాకు కనపడలేదు.
"రోజుకి యాభై మార్లు తెగుతాది.
తెగిందని ఎవులేడుస్తారు?"

అని, ఆగింది.
మూలన ఇంకో రాట్నం, దుప్పటి కప్పి.
కదురుకి సగం చుట్టిన నూలు ఆవిడ చెల్లెలిది,
మొన్నటి వానాకాలం పోయింది.
దాన్ని ఎవరూ అతకలేదు.
విప్పనూ లేదు.

వేసవి సెలవుల్లో బడి గోడ మీద వేశాను ముగ్గురినీ.
కత్తెర తీసేశాను.
మూడో ఆమె చేతికి చేప దవడ ఇచ్చాను.
దాలమ్మ వచ్చింది, ముక్కు గోడకి ఆనేంత దగ్గరగా.
మొహాలు చూడలేదు.
"ఇది ముప్పై నంబరు బాబూ.
మేం వడికేది వంద."

ఆ రాత్రి కుంచెలో వెంట్రుకలు పీకుతూ కూర్చున్నాను,
ఒక్కటి మిగిలేదాకా.

పిల్లలు అడుగుతారు, పోగేదీ మాస్టారూ అని.
సాయంత్రం నాలుగింటికి రమ్మంటాను,
ఎండ గోడని పక్కనుంచి రాసుకుంటూ పోయేటప్పుడు.
అప్పుడూ అందరికీ కనపడదు.